హాజరుపట్టీలో లేని పేర్లు: ఖరగ్‌పూర్ తెలుగు సంఘం, మద్యవిముక్తి సేవ

ఉత్సవ సంచిక కోసం సంఘ చరిత్ర రాసేవారు మందిరానికి శంకుస్థాపన జరిగిన తీరుతో మొదలుపెట్టి, కాపరుల వరుస చెప్పి, దాతల జాబితాతో ముగించడం ఆనవాయితీ. ఖరగ్‌పూర్ తెలుగు క్రైస్తవ సమాజం చేసిన పనుల్లో ఆ ఆనవాయితీలో ఇమడనిది ఒకటుంది: తాగుడువల్ల రైల్వే ఉద్యోగాన్నీ, దానితోపాటు క్వార్టరునూ పోగొట్టుకుని, ప్లాట్‌ఫాం మీదికో మందిరపు వరండాలోకో చేరినవారిని తిరిగి సంసారులను చేసిన పని అది. ఖర్చు లేని పనికి రసీదు ఉండదు, రసీదు లేనిది మినిట్స్ పుస్తకానికి ఎక్కదు. అందువల్ల ఈ సేవ జమాఖర్చుల్లో కనబడక పెద్దవాళ్ల మాటల్లో మాత్రమే మిగిలింది.

ఈ సేవ అవసరం ఎలా కలిగిందో తెలియడానికి పట్టణపు పుట్టుక కొంత చెప్పుకోక తప్పదు. జనం నోట బి.ఎన్.ఆర్.గా నిలిచిన బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడింది. తూర్పుతీరపు రైలుమార్గం 1893 నుంచి 1896 వరకు దశలవారీగా పడగా, 1900లో కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ నది మీద వంతెన పూర్తై హౌరాకు దారి తెరుచుకోవడంతో, పడమటికీ దక్షిణానికీ పోయే మార్గాలు చీలే చోట ఖరగ్‌పూర్ పెద్ద జంక్షనుగా ఎదిగింది; కంపెనీ తన ప్రధాన వర్క్‌షాపునూ అక్కడే నెలకొల్పింది. వాల్తేరు నుంచి కటకం వరకు ఉన్న మార్గం 1902లో బి.ఎన్.ఆర్. చేతికి వచ్చాక, అప్పటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గ్యాంగ్‌మన్లుగా తెలుగువారు తరలివచ్చి, మథురాకాటి, నిమ్‌పురా, ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్ వంటి రైల్వే కాలనీల్లో కుదురుకున్నారు.

ఇలాంటి పట్టణంలో మనిషి బతుకంతా హాజరుపట్టీ మీద, అంటే రోజువారీ హాజరు వేసే మస్టర్ రోల్ మీద, ఆధారపడి ఉంటుంది. జీతం, గ్రేడునుబట్టి ఇచ్చే క్వార్టరు, రైల్వే ఆసుపత్రిలో వైద్యం, ఊరికి పోవడానికి పాసు, ఆఖరికి కాలనీలో ఉన్న పరువు కూడా ఆ పట్టీలోని ఒక్క పేరుకు కట్టుబడి ఉంటాయి. తక్కిన ఊళ్లలో తాగుబోతు ఉద్యోగం పోగొట్టుకున్నా తాతలనాటి పెంకుటిల్లో, అన్నదమ్ముల అరుగో మిగులుతుంది. రైల్వే కాలనీలో అలాంటి ఆసరా ఉండదు. జీతాల రోజున గేటు దగ్గర కాచుకుని ఉండే వడ్డీవ్యాపారికి సగం, సారా దుకాణానికి సగం పోయాక గైర్హాజరీ మొదలవుతుంది. గైర్హాజరీ చార్జిషీటుకూ, చార్జిషీటు విచారణకూ, విచారణ ‘రిమూవల్’కూ దారితీస్తుంది. రిమూవల్ అంటే ఉద్యోగం నుంచి తొలగింపు. 1968 నాటి రైల్వే క్రమశిక్షణ నియమావళి ప్రకారం ‘డిస్మిసల్’ దీనికన్నా కఠినమైన శిక్ష. దానికి గురైనవారు మళ్లీ ప్రభుత్వ ఉద్యోగానికి సాధారణంగా అర్హులు కారు. కుటుంబం దృష్టిలో మాత్రం రెంటికీ పెద్ద తేడా లేదు: పింఛనూ గ్రాట్యుటీ పోతాయి, ఆసుపత్రి కార్డు చెల్లదు, గడువు తీరగానే క్వార్టరు ఖాళీ చేయాలి. పిల్లలతో భార్య పుట్టింటికి, శ్రీకాకుళం వైపో విజయనగరం వైపో, రైలెక్కుతుంది. అతడు స్టేషన్లోనే ఉండిపోతాడు.

అతని పేరు ఇంకా మిగిలి ఉండే పుస్తకం సంఘ సభ్యుల పుస్తకం ఒక్కటే. అయితే ఆ పుస్తకం కూడా అతనికి సులభంగా దారి ఇచ్చింది కాదు. దానికి కారణం సంఘపు మూలాల్లోనే ఉంది.

తెలుగు బాప్టిస్టు సంఘాల మూలపురుషుల్లో స్మరించదగినవాడు థామస్ గాబ్రియేల్. తంతి శాఖలో ఉద్యోగం చేసిన ఆయన సొంత పూనికతో కాకినాడలో సువార్త పని ప్రారంభించగా, ఆ పునాది మీదనే 1874లో జాన్ మెక్లారిన్ వచ్చి కెనడా బాప్టిస్టు మిషనును నిలబెట్టాడు. ఉత్తర కోస్తాలో ఆ మిషను వ్యాపించిన ప్రాంతాల నుంచే ఖరగ్‌పూర్‌కు వలస ఎక్కువగా సాగింది. ప్రభుత్వోద్యోగంలో ఉన్న సామాన్య క్రైస్తవుడు, దొరల పిలుపు కోసం ఎదురుచూడకుండా, తన జీతంలోంచే సంఘాన్ని మొదలుపెట్టవచ్చునని గాబ్రియేల్ చూపించాడు. రైల్వే కాలనీల గృహప్రార్థన కూటాలకు ఆయన నిజమైన పూర్వికుడని చెప్పవచ్చు. దక్షిణాన అమెరికన్ బాప్టిస్టుల కృషి మరో రకంగా ప్రసిద్ధమైంది: 1876–78 కరవులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించిన జాన్ క్లౌ, 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చే ఏర్పాటు చేశాడు. మొదట అన్నం, ఆ తరువాతే బాప్తిస్మం అనే ఈ వరుస తెలుగు సంఘాల జ్ఞాపకంలో లోతుగా పాతుకుంది. ఇక మేదినీపూర్ జిల్లాలో 19వ శతాబ్దం నుంచే పనిచేస్తున్న ఫ్రీ బాప్టిస్టు మిషను 1911లో అమెరికన్ బాప్టిస్టులతో కలిసింది. కోస్తా నుంచి వచ్చిన విశ్వాసికి ఖరగ్‌పూర్‌లో భాష కొత్తదైనా ఆరాధనాక్రమం కొత్తది కాకపోవడానికి ఇది కొంత కారణం.

ఈ మిషన్ల వెంట వచ్చిన మరో సంప్రదాయం సంఘ నిబంధన, అంటే సభ్యులు లేచి నిలబడి ఒకరికొకరు చేసుకునే ప్రమాణం. అమెరికాలో జె. న్యూటన్ బ్రౌన్ 1853లో ప్రచురించిన నిబంధన బాప్టిస్టు లోకమంతటా వ్యాపించింది. మత్తుపానీయాలను అమ్మబోమనీ, తాగబోమనీ దానిలో స్పష్టంగా ఉంది. ఆ ఒక్క షరతు రెండువైపులా పదునున్న కత్తి అయింది. తాగనివారి సమాజం ఒకటి ఉందని, దానిలో చేరవచ్చునని తాగుబోతుకు చెప్పినది అదే. తాగినట్టు తెలిసినవారిని ప్రభు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే సంస్కారానికి, దూరంగా ఉంచినదీ అదే.

ఆ తరువాతి సంవత్సరాలను క్లుప్తంగా దాటవచ్చు. 1927 బి.ఎన్.ఆర్. సమ్మెలో బరంపురానికి చెందిన తెలుగు నాయకుడు వి.వి. గిరి కార్మికులకు అండగా నిలిచాడు. 1942 అక్టోబరు 16 తుపాను, దాని వెంట 1943 కరవు మేదినీపూర్ జిల్లాను పీల్చి పిప్పిచేసి, నిరాశ్రయుల్ని పట్టణాల మీదికీ స్టేషన్ల మీదికీ తోలాయి. 1944లో ప్రభుత్వపరమైన రైల్వే 1955లో ఆగ్నేయ రైల్వేగా మారింది. సంఘజీవితం మాత్రం ఆదివారాలు, పండుగలు, పెళ్లిళ్లు, సమాధి కార్యక్రమాలతో సాగిపోయింది.

ఒక సంగతి మాత్రం ఇక్కడ చెప్పదగినది. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం అమలులోకి వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక 1954లో ప్రకాశం పంతులు మంత్రివర్గం కూలిపోయింది కూడా నిషేధం విషయం మీదనే. బెంగాలులో అలాంటి నిషేధం లేదు. అందువల్ల ఆ కాలంలో శ్రీకాకుళం పల్లెల నుంచి ఖరగ్‌పూర్‌కు ఉద్యోగానికి వచ్చిన కుర్రవాడు, కనీసం చట్టం ప్రకారం, మద్యం లేని ప్రాంతం నుంచి మద్యం బహిరంగంగా దొరికే ప్రాంతానికి వచ్చాడు. చేతిలో నెల జీతం, పక్కన తల్లిదండ్రులు లేరు, పైగా నైట్ డ్యూటీ. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లు తాగుబోతులని కోస్తా బంధువులు వేసిన నిందకు వెనుక ఉన్న పరిస్థితి ఇదని ఇప్పటికైనా గుర్తించడం న్యాయం.

ఈ చరిత్రలో అన్నిటికన్నా గడ్డుకాలం 1974. ఆ ఏడు మే 8న మొదలై 27న ముగిసిన అఖిలభారత రైల్వే సమ్మెను ప్రభుత్వం ఉక్కుపాదంతో అణచివేసింది. వేలాదిమంది అరెస్టయ్యారు, వేలాదిమంది ఉద్యోగాలు పోయాయి, దేశంలోని రైల్వే కాలనీల్లో సమ్మెదారుల కుటుంబాలను క్వార్టర్ల నుంచి వెళ్లగొట్టిన ఘటనలు జరిగాయి. ఖరగ్‌పూర్ కార్మికులకు ఒకప్పుడు అండగా నిలిచిన గిరి ఆనాడు రాష్ట్రపతి స్థానంలో ఉన్నాడు. ఆ విచిత్రాన్ని మరిచిపోని పెద్దలు కాలనీల్లో చాలాకాలం ఉన్నారు. జీతం లేదు, అరువు పుట్టదు, ఇంటి పైకప్పు రేపు ఉంటుందో లేదో తెలియదు. ఇలాంటి రోజుల్లో సంఘాల స్త్రీల సమాజాలకు ఎప్పటినుంచో ఉన్న ‘పిడికెడు బియ్యం’ పద్ధతి, అంటే పూటపూటా వండబోయే ముందు ఒక గుప్పెడు బియ్యాన్ని దేవుని పని కోసం వేరే డబ్బాలో పోసి ఉంచే అలవాటు, కానుకగా కాక ఆహారంగా విలువైనదవుతుంది. తొలగించినవారిని 1977లో జనతా ప్రభుత్వం తిరిగి ఉద్యోగాల్లోకి తీసుకుంది. అయితే మూడేళ్లు పనిలేక కూర్చున్నవాడికి ఉద్యోగం తిరిగి వచ్చినంత తేలికగా, ఆ మూడేళ్లలో అంటుకున్న అలవాటు వదలదు.

ఇక్కడ సంఘం గురించి ఒక కఠినమైన మాట అనవలసి వస్తున్నది. సమ్మెలో ఇల్లు పోయినవాడి కోసం ప్రార్థించిన నోళ్లే, తాగి ఇల్లు పోగొట్టుకున్నవాడిని ‘చేసుకున్నవాడికి చేసుకున్నంత’ అన్నాయి. వరండాలో పడుకున్న ఇద్దరిలో ఒకడు బాధితుడు, మరొకడు పాపి అనే విభజన క్రైస్తవ బోధలో ఎక్కడా లేకపోయినా, పెద్దల కమిటీల్లో అది చాలాకాలం చెల్లుబాటైంది. ఆ విభజనను ఒప్పుకోనివారు కొద్దిమందే. ఆ కొద్దిమంది వల్లనే ఈ సేవ నిలబడింది.

వారు చేసిన పని ఏమిటో దగ్గరగా చూస్తేనే దాని బరువు తెలుస్తుంది. ఏళ్లతరబడి రోజూ తాగినవాడు హఠాత్తుగా మానితే ఆరు గంటల నుంచి ఒక రోజులోపు చేతులు వణకడం, చెమటలు, వాంతులు మొదలవుతాయి. కొందరికి మూర్ఛలు వస్తాయి. రెండు, మూడు రోజుల మధ్య, లేనివి కనబడే ఉన్మాదస్థితి రావచ్చు, అది ప్రాణం మీదికీ తేవచ్చు. ఇలాంటివాడిని ఇంట్లోకి తీసుకున్న కుటుంబం ఒకే గది, వంటిల్లు ఉన్న క్వార్టరులో మంచం వాడికిచ్చి, పిల్లల్ని పక్కింటికి పంపి, రాత్రంతా వంతులవారీగా కూర్చునేది. గంజి గ్లాసు వాడి చేతికివ్వకుండా నోటికి అందించాలి, ఎందుకంటే ఆ చేతుల్లో గ్లాసు నిలవదు. గోడమీద పాములు పాకుతున్నాయని అరిచేవాడికి పాములు లేవని వాదించకుండా, చెయ్యి పట్టుకుని కీర్తన అందుకోవాలి. పురుషోత్తమ చౌదరి వంటి భక్తకవుల పాటలు పుస్తకం చూడకుండా పాడగల పాతతరం స్త్రీలకు ఇది చేతనైంది; ప్రసంగాలు చేయగలవారిలో ఎందరికి చేతనయ్యేదో చెప్పడం కష్టం.

ఇందులో ఒక అపాయమూ ఉంది. ‘ప్రార్థన చాలు, మందు అవిశ్వాసం’ అన్న పట్టుదల కొన్ని కూటాల్లో వినబడేది, ఇప్పటికీ వినబడుతుంది. మద్యవ్యసనాన్ని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1956లోనే వ్యాధిగా గుర్తించింది. మూర్ఛలను ఆపడానికి మందు, మెదడును కాపాడటానికి థయమిన్ అనే బి1 విటమిన్ ఇవ్వడం విశ్వాసానికి విరుద్ధం కాదు. ఉద్యోగం ఉన్నంతవరకు రైల్వే ఆసుపత్రి ఉంది. తొలగించబడినవాడికి ఆ తలుపు మూసుకుంటుంది గనుక, సరిగ్గా అవసరం తీవ్రమైన సమయంలోనే వైద్యం దూరమై ప్రార్థన ఒక్కటే మిగిలేది. దానిని విశ్వాసమని గొప్పగా చెప్పుకున్నవారున్నారు, గతిలేక చేసినదని ఒప్పుకున్నవారూ ఉన్నారు.

ప్రభు బల్ల విషయం మరింత వివరంగా చెప్పదగినది. ప్రపంచంలోని అనేక ప్రాటెస్టెంటు సంఘాల్లో ఆ గిన్నెలో పులియని ద్రాక్షరసమే వాడతారు. 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అనే దంతవైద్యుడు, మద్యనిషేధవాది, ద్రాక్షరసాన్ని వేడిచేసి పులియకుండా నిలవచేసే పద్ధతి కనిపెట్టింది ఈ సంస్కారం కోసమే. సీసారసం దొరకనిచోట మన సంఘాల్లో అదే పని వంటింట్లో జరుగుతుంది: ముందురోజు ఎండుద్రాక్షను కడిగి నానబెట్టి, మరిగించి, చల్లార్చి, పలుచని గుడ్డలో పిండి వడకడతారు. గుడ్డ పిండే చేతులకు రంగు అంటుకుంటుంది. ఆదివారం ఉదయం ఆ చేతులతోనే చిన్న చిన్న గ్లాసులు తుడిచి ట్రేలో పేరుస్తారు. తాగుడు మానినవాడు భయం లేకుండా పుచ్చుకోగల గిన్నె అది. వాసన తగిలినా పాత దాహం లేచేవాడికి ఈ జాగ్రత్త ఎంత అవసరమో వైద్యులు చెప్పకముందే ఆ ఇల్లాళ్లు గ్రహించారు. అంత జాగ్రత్తగా వడకట్టిన గిన్నె, ఎవరికోసం వడకట్టారో వారి ముందునుంచే క్రమశిక్షణ పేరిట దాటిపోయిన ఆదివారాలు కూడా ఉన్నాయి. ఎన్ని నెలలు తాగకుండా ఉంటే బల్లకు రానివ్వాలన్న ప్రశ్నకు ఏ నిబంధనలోనూ జవాబు లేదు, కాబట్టి జవాబు ఎప్పుడూ కమిటీ ముఖం చూసి వచ్చేది.

విశ్వాసం ద్వారా విముక్తి అనే ఆలోచన ఒక్క ఖరగ్‌పూర్‌ది కాదు. ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే పేరు చెప్పుకోనవసరం లేకుండా తాగుబోతులే ఒకరికొకరు సాయపడే సమాజం, 1935లో అమెరికాలోని ఆక్రన్ నగరంలో పుట్టినప్పుడు దాని వెనుక ఆక్స్‌ఫర్డ్ గ్రూపు అనే క్రైస్తవ ఉద్యమం ఉంది. 1957 నాటికి అది బొంబాయి చేరింది. కలకత్తాలో పాస్టర్ విజయన్ పవమాని 1971లో ఆరంభించిన కలకత్తా సమారిటన్స్, ఆత్మహత్యల నివారణతో మొదలై మత్తుమందుల బాధితుల వైపూ ఇల్లులేనివారి వైపూ విస్తరించింది. తెలుగుదేశంలో సాల్వేషన్ ఆర్మీ 1910లలో నేరస్థ తెగలుగా ముద్రవేయబడిన ఎరుకలకోసం స్టూవర్టుపురంలో సెటిల్‌మెంటు నడిపింది. అయితే అక్కడ బైబిలుతోపాటు పోలీసు హాజరు కూడా ఉండేది గనుక దానిని ఈ కోవలో చేర్చడం సమంజసం కాదు. ఖరగ్‌పూర్ వరండాకు హాజరు లేదు. ఇష్టమైతే వచ్చి పడుకోవచ్చు, లేకపోతే లేచి పోవచ్చు. లేచి పోయినవారూ చాలామంది ఉన్నారు. విముక్తి పొందినవారి సాక్ష్యాలు మాత్రమే చెప్పుకుని, మళ్లీ తాగి ప్లాట్‌ఫాం మీదనే చనిపోయినవారిని వదిలేస్తే ఈ చరిత్ర సగం అబద్ధం అవుతుంది.

అవసరం తీరిపోయిందనుకోవడానికీ వీలులేదు. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందింది. ఆసుపత్రిలో చేర్చి ఇచ్చే చికిత్స 180 మందిలో ఒకరికే. 2011 జనగణన ఇల్లులేనివారిని 17.7 లక్షలకు పైగా లెక్కించింది. ఫిబ్రవరి 28 రాత్రి ఆ లెక్క తీయడానికి గణకులను పంపిన చోట్లలో రైల్వే ప్లాట్‌ఫాంలూ ఆరాధనాస్థలాలూ రెండూ ఉన్నాయి.

కర్తవ్యంగా ఇక కృతజ్ఞతలు. విద్యుద్దీపాలకు, ఫ్యాన్లకు, బల్లలకు, మైకుసెట్టుకు, గోపురంమీది సిలువకు చందాలిచ్చినవారి పేర్లు పాలరాతి మీద ఉన్నాయి గనుక మళ్లీ చెప్పనవసరం లేదు. ఈ సేవలో పాలుపంచుకున్నవారిని వృత్తులవారీగానైనా తలుచుకోవాలి: డ్యూటీ దిగి నేరుగా స్టేషనుకు పోయి మనిషిని వెతికి తెచ్చిన ఫిట్టర్లు, ఫోర్‌మన్లను బతిమాలి చార్జిషీటు ఆపించిన గుమాస్తాలు, జీతాల రోజున గేటుదాకా వచ్చి డబ్బు ఇల్లు చేర్చిన పరిచారకులు, సెలవురోజున వచ్చి నాడి చూసిన నర్సులు, తండ్రులు తాగి పడివున్న పిల్లలకు ఆదివారపు బడిలో అన్నం పెట్టి పంపిన ఉపాధ్యాయినులు, టీకొట్టులో ఖాతా తెరిచిన క్రైస్తవేతరులు. వీరిలో సగానికి పైగా స్త్రీలు. గతంలో వెలువడిన ఇలాంటి సంచికల్లో పరిచారకుల ఫొటోల కింద ఒక్కొక్కరి పేరూ హోదాతో అచ్చయింది. స్త్రీల సమాజం ఫొటో కింద ‘స్త్రీల సమాజం’ అని మాత్రమే ఉంటూ వచ్చింది.

పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికారభాషా హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు ఖరగ్‌పూర్ తెలుగువారు సంతోషించారు. అదే కాలంలో రిటైరైన కుటుంబాలు విశాఖకో శ్రీకాకుళానికో తరలిపోతుండగా, చదువుకున్న పిల్లలు హైదరాబాదు, బెంగుళూరు బాట పట్టారు. మందిరాల ఆవరణలకు ప్రహరీలు, ఇనుపగేట్లు వచ్చాయి. దొంగల భయం నిజమే, తాళం అవసరమే. రాత్రి తొమ్మిదికి గేటు మూసే ఆవరణలో, వరండా ఎంత నున్నటి టైల్స్‌తో ఉన్నా, ఎవరూ పడుకోలేరు. ఇలాంటి మనిషికి ఇప్పుడు ఆశ్రయం కావాలంటే 115 కిలోమీటర్ల దూరంలోని హౌరాకు రైలెక్కించాలి. ఎక్కించేటప్పుడు వెంట ఎవరైనా ఉంటేనే దిగేదాకా తాగకుండా ఉంటాడు.

చేయగల పని ఒకటి చేతిలోనే ఉంది. తొలగించబడిన ఉద్యోగి విషయం దయచూడదగినదని అధికారులు భావిస్తే, అతనికి రావలసిన పింఛనులో మూడింట రెండు వంతులకు మించకుండా ‘కంపాషనేట్ అలవెన్సు’, అంటే కరుణభత్యం, మంజూరు చేసే వీలు 1993 రైల్వే పింఛను నియమాల్లో ఉంది. దానికోసం విన్నపం రాయాలి, సర్వీసు రికార్డు వివరాలు జతచేయాలి, కాగితం ఏ బల్ల దగ్గర ఆగిందో కనుక్కుంటూ తిరగాలి. ప్లాట్‌ఫాం మీద ఉన్నవాడు చేయగల పని కాదిది. సంఘంలో రిటైరైన హెడ్‌క్లర్కులు, పర్సనల్ శాఖలో జీవితమంతా ఇలాంటి కాగితాలే నడిపినవారు ఇంకా ఉన్నారు. వారిలో ఇద్దరు ముగ్గురు ఆదివారం ఆరాధన తరువాత ఒక గంట బల్ల వేసుకుని కూర్చుంటే, విన్నపాలు రాయించుకోవలసిన కుటుంబాలు ఏ క్వార్టర్లలో ఉన్నాయో స్త్రీల సమాజానికి తెలుసు.